ఎంచుకోని పుటలో దొరికే సంతోషం

తోరా అంటే మోషే పేరిట వచ్చిన ఐదు గ్రంథాలు. తెలుగు బైబిలు చదివేవారికి ఇవి ఆదికాండము, నిర్గమకాండము, లేవీయకాండము, సంఖ్యాకాండము, ద్వితీయోపదేశకాండము అనే పేర్లతో పరిచయం. యూదులు ఈ ఐదింటినీ 54 భాగాలుగా విభజించుకుని, వారం వారం చదువుతూ ఏడాదిలో ముగిస్తారు. ఒక్కో భాగాన్ని పరాషా అంటారు. సబ్బాతు నాడు, అంటే శనివారం ఉదయం, సినగాగులో తోరా చుట్టను విప్పి ఆ వారపు పరాషాను రాగయుక్తంగా, ఒక్క మాట కూడా వదలకుండా చదువుతారు. ఏ భాగం చదవాలన్నది చదివేవారి ఇష్టం కాదు. సృష్టి కథ వచ్చిన వారం సృష్టి కథ, చర్మవ్యాధుల నియమాలు వచ్చిన వారం చర్మవ్యాధుల నియమాలు. నచ్చిన పుట దగ్గర ఆగిపోవడానికి వీల్లేదు, నచ్చని పుటను దాటెయ్యడానికి అంతకన్నా వీల్లేదు. ఈ పఠనం తరతరాలకు సంతోషాన్నిచ్చిందంటే దానికి మూలం ఈ కట్టుబాటే.

ఏ వారం ఏ భాగమో తేల్చేది యూదుల పంచాంగం. అది చాంద్ర, సౌర గణనలు రెండింటినీ కలిపి నడుస్తుంది. పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు ఒక నెల అదనంగా చేరుతుంది. తెలుగువారి పంచాంగంలో అధికమాసం వచ్చే లెక్క కూడా దాదాపు ఇదే. అధికమాసం లేని ఏడాదిలో సబ్బాతులు తక్కువ, పైగా పండుగ పడిన సబ్బాతుకు ఆ పండుగకు సంబంధించిన పఠనమే ఉంటుంది. అందుకే ఏడు జంట భాగాలను అవసరాన్ని బట్టి ఒకే వారంలో కలిపి చదువుతారు. పస్కా పండుగ ఎనిమిదో రోజు శనివారం పడితే ఇజ్రాయెల్‌లోని యూదులు ఒక భాగం ముందుకు వెళ్లిపోతారు. ఆ ఎనిమిదో రోజును పండుగగా జరుపుకునే బయటి దేశాలవారు కొన్ని వారాల తర్వాత గానీ వారిని అందుకోలేరు. మిగతా కాలంలో చాలావరకు బ్యూనస్ ఎయిరెస్‌లోనైనా ముంబైలోనైనా ఈ ఏడాది చక్రాన్ని పాటించేవారందరూ ఆ వారం ఒకే కథ దగ్గర ఉంటారు.

ఈ ఏకత్వం మొదటినుంచీ ఉన్నది కాదు. జనాన్ని పోగుచేసి ధర్మశాస్త్రం చదివి వినిపించడాన్ని నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయం వర్ణిస్తుంది. ఎజ్రా యెరూషలేములో నీటి గుమ్మం ఎదుట తెల్లవారినప్పటినుంచి మధ్యాహ్నం దాకా చదువుతాడు, లేవీయులు జనానికి అర్థం చెబుతారు. సబ్బాతుతో పాటు సోమ, గురువారాల్లో జరిగే పఠనాన్ని కూడా తాల్ముదు అనే ప్రాచీన ధర్మచర్చల సంకలనం ఎజ్రాకే ఆపాదిస్తుంది. తోరా వినకుండా వరసగా మూడు రోజులు గడవకూడదన్నది ఆ ఏర్పాటుకు చెప్పే కారణం. ఆ తర్వాతి శతాబ్దాల్లో రెండు పద్ధతులు సాగాయి. బాబిలోనియా యూదులు ఏడాదిలో ముగించేవారు. పాలస్తీనా యూదులు చిన్న చిన్న భాగాలు చేసుకుని మూడేళ్లకో మూడున్నరేళ్లకో ముగించేవారు. 12వ శతాబ్దంలో బెంజమిన్ అనే స్పెయిన్ యాత్రికుడు ఈజిప్టు వెళ్లినప్పుడు ఒకే నగరంలో ఈ రెండు పద్ధతులవారికీ వేర్వేరు సినగాగులు ఉండటం చూసి రాసుకున్నాడు. మూడేళ్ల పద్ధతి అంతగా వాడుకలో లేదని అదే కాలంలో యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమొనిడీస్ నమోదు చేశాడు. చివరికి బాబిలోనియా పద్ధతే నిలిచింది. ఇటీవలి కాలంలో కొన్ని సమాజాలు ఒక్కో పరాషాలో మూడో వంతు చొప్పున చదివే కొత్త మూడేళ్ల పద్ధతిని తెచ్చుకున్నాయి. అందులోనూ ఆ వారపు పరాషా పేరు మాత్రం మారదు.

చదవడమంటే పుస్తకం చూసి చదవడం కాదు. ధర్మశాస్త్రం అనుమతించిన జంతువు తోలుమీద లేఖకుడు చేత్తో రాసిన చుట్ట నుంచి చదవాలి. అందులో 3,04,805 అక్షరాలు ఉంటాయని సంప్రదాయం లెక్క. హీబ్రూ లిపిలో ప్రధానంగా హల్లులే ఉంటాయి. అచ్చులను సూచించే చుక్కలు గానీ, వచనం ముగిసిందని చెప్పే గుర్తులు గానీ, రాగాన్ని చూపే సంకేతాలు గానీ చుట్టలో ఉండవు. అవన్నీ చదివేవారి జ్ఞాపకంలోనే ఉండాలి. అందుకని చదివేవారు వారమంతా ఇంట్లో సాధన చేస్తారు. ఒక వరసలో గుర్తులతో, పక్క వరసలో గుర్తులు లేకుండా అచ్చువేసిన పుస్తకాలు ఈ సాధన కోసమే ఉన్నాయి. తోలును చేత్తో ముట్టుకోరు. కొసన చిన్న చూపుడు వేలు మలిచిన వెండి పుల్లతో వరస వెంబడి కదులుతారు. పక్కన నిలబడ్డవారు పుస్తకం చూసుకుంటూ వింటారు. అర్థం మారిపోయే తప్పు దొర్లితే అక్కడికక్కడే దిద్దుతారు, చదివేవారు వెనక్కి వచ్చి సరిగా చదువుతారు. సబ్బాతు ఉదయం కనీసం ఏడుగురిని ఒకరి తర్వాత ఒకరిని వేదిక మీదికి పిలుస్తారు. వారు చదువుకు ముందూ వెనకా ఆశీర్వచనం పలుకుతారు. చాలా సమాజాల్లో వారి తరఫున అనుభవజ్ఞుడైన పాఠకుడు చదివిపెడతాడు. యెమెన్ యూదుల్లో పిలిచినవారే చదవాలి. వారు వచనం వచనానికీ అరమాయిక్ అనువాదాన్ని వినిపించే ప్రాచీన పద్ధతిని కూడా ఈనాటికీ వదులుకోలేదు.

ఈ చదువును యూదుల ధర్మశాస్త్రం సంతోషంగానే లెక్కగట్టింది. యెరూషలేము ఆలయం కూలిన రోజుగా ఆబ్ నెల తొమ్మిదిన ఉపవాసముంటారు. ఆ రోజు అన్నపానాలతో పాటు తోరా అధ్యయనం కూడా నిషిద్ధం. హృదయాన్ని ఆనందపరిచేది కాబట్టి శోకదినాన అది తగదన్నది తాల్ముదు చెప్పే కారణం. యోబు గ్రంథం, విలాపవాక్యములు వంటి దుఃఖగ్రంథాలకే అనుమతి. సొంతవారిని పోగొట్టుకున్నవారికి మొదటి ఏడు రోజులూ ఇదే నియమం. చదువును పుణ్యకార్యమనో కర్తవ్యమనో పొగిడిన సంస్కృతులు చాలా ఉన్నాయి. శోకంలో ఉన్నవారు భోగమని మానుకోవలసినంత సంతోషం అందులో ఉందని చట్టంగా రాసుకోవడం అరుదు.

ఆ సంతోషం ఎక్కువగా ప్రశ్న రూపంలో వస్తుంది. ఫ్రాన్స్‌లోని ట్రోయ్ నగరంలో 1040 నుంచి 1105 వరకు జీవించిన రాషీ రాసిన వ్యాఖ్యానం వారపఠనానికి విడదీయలేని తోడు. తేదీతో అచ్చయిన మొట్టమొదటి హీబ్రూ పుస్తకంగా పేరున్నది కూడా 1475లో ఇటలీలో వెలువడిన ఈ వ్యాఖ్యానమే. రాషీ తొలి వచనం దగ్గరే పేచీ పెడతాడు. ఇది ధర్మశాస్త్రం కదా, ఇజ్రాయేలు జనానికిచ్చిన మొదటి ఆజ్ఞ నిర్గమకాండం పన్నెండో అధ్యాయంలో ఉంది కదా, మరి సృష్టి కథతో మొదలుపెట్టడమెందుకు? పవిత్రగ్రంథపు మొదటి పుటను పట్టుకుని ఇది ఇక్కడ ఎందుకుందని అడగటాన్ని ఈ సంప్రదాయం అవిధేయతగా చూడలేదు. పిల్లలకు పాఠంగా నేర్పింది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ అలవాటును సామాన్యుల చేతికిచ్చిన వ్యక్తి నెహమా లైబోవిట్జ్. 1905లో రీగాలో పుట్టి, జర్మనీలో చదువుకుని, 1930లో పాలస్తీనా చేరిన ఉపాధ్యాయిని ఆమె. 1942లో ఆ వారపు పరాషా మీద ప్రశ్నలు రాసిన కాగితాన్ని అడిగినవారికి పంపడం ప్రారంభించారు. అందులో జవాబులుండవు. ఒక వచనం, దానిమీద ఒకరినొకరు ఖండించుకునే ఇద్దరు ముగ్గురు వ్యాఖ్యాతల మాటలు, కింద ప్రశ్నలు. కష్టమైన ప్రశ్నకు ఒక గుర్తు, మరీ కష్టమైనదానికి రెండు. జవాబులు రాసి పంపినవారికి ఎర్రసిరాతో దిద్ది తిరిగి పంపేవారు. దాదాపు మూడు దశాబ్దాలు ఈ పని సాగింది. పొలాల్లో పనిచేసేవారు, సైనికులు, ఉపాధ్యాయులు, గృహిణులు ఆమెకు తపాలా శిష్యులయ్యారు. రాషీ ఏమన్నాడని అడిగి ఆమె ఊరుకోలేదు. ఆ మాట అనడానికి అతన్ని ఇబ్బందిపెట్టినదేమిటని అడిగారు. మూలవచనంలో ఎక్కడో ఒక ముడి ఉంటేనే వ్యాఖ్యాత నోరు తెరుస్తాడు, ఆ ముడిని పాఠకుడు తనంతట తాను వెతికి పట్టుకోవాలి. దొరికిన క్షణంలో కలిగే ఉత్సాహం వ్యాఖ్యానాన్ని కంఠస్థం చేస్తే రాదు. 1997లో కన్నుమూసిన ఆమె, తన సమాధి మీద పేరు పక్కన ఉపాధ్యాయిని అన్న మాట చాలని చెప్పి వెళ్లారు.

కథలున్న వారాలు తేలికగానే గడుస్తాయి. నోవహు ఓడ, అబ్రాహాము ప్రయాణం, యాకోబు కల, యోసేపు అంగీ శ్రోతలను వాటంతటవే లాక్కుపోతాయి. భాగాలను ఎక్కడ విరగ్గొట్టారో చూస్తే వారపత్రికలో ధారావాహిక నడిపే సంపాదకుడి చెయ్యి కనిపిస్తుంది. యోసేపు వెండి గిన్నె బెన్యామీను సంచిలో దొరుకుతుంది. అతను నాకు దాసుడిగా ఉండిపోతాడు, మిగిలినవాళ్లు మీ తండ్రి దగ్గరికి వెళ్లవచ్చని ఐగుప్తు అధికారి వేషంలో ఉన్న యోసేపు తీర్పు చెబుతాడు. సరిగ్గా అక్కడ, ఆదికాండం 44వ అధ్యాయం 17వ వచనం దగ్గర, ఆ వారం పఠనం ఆగుతుంది. ఒకప్పుడు యోసేపును అమ్మేద్దామని సలహా ఇచ్చిన యూదా ఇప్పుడు ముందుకొచ్చి, తమ్ముడికి బదులు తనను దాసుడిగా ఉంచుకోమని వేడుకునే ఘట్టం పై వారానిది. ముగింపు అందరికీ తెలుసు. తెలిసి కూడా ఏటా ఆ వారం రోజులూ ఎదురుచూస్తారు.

అసలు పరీక్ష చలికాలం చివర, నిర్గమకాండం చివరి భాగాల దగ్గర మొదలవుతుంది. ప్రత్యక్షగుడారం కొలతలు, తెరల సంఖ్య, దిమ్మల బరువు. పెకూదే అనే భాగమైతే అచ్చంగా జమాఖర్చుల చిట్టా. బంగారం 29 తలాంతుల 730 షెకెళ్లు, వెండి 100 తలాంతుల 1,775 షెకెళ్లు అని లెక్క చెబుతుంది. ఓపికగా కూడితే వెండి లెక్క అక్షరాలా సరిపోతుంది. జనాభా లెక్కలో తేలినవారు 6,03,550 మంది, తలా అర షెకెలు ఇచ్చారు, మొత్తం 3,01,775. తలాంతుకు 3,000 షెకెళ్లు. నూరు తలాంతులు పోగా మిగిలేది 1,775. ఆ నూరూ నూరు దిమ్మలకు, మిగిలినది స్తంభాల కొక్కేలకు ఖర్చయ్యాయి. యూదు గురువుల ప్రాచీన వ్యాఖ్యాన సంప్రదాయమైన మిద్రాషు ఈ చిట్టా వెనక ఒక కథను చూసింది. మోషే చేతిలో ఇంత సొమ్ము పడిందని జనం వెనక గుసగుసలాడుతున్నారు. లెక్క చెప్పడానికి కూర్చున్న మోషేకు 1,775 షెకెళ్లు ఎటు పోయాయో గుర్తురాలేదు, కలవరపడ్డాడు, కళ్లెత్తి చూస్తే స్తంభాల మీద కొక్కేలు కనిపించాయి. దేవుడితో ముఖాముఖి మాట్లాడిన మనిషి కూడా ప్రజల సొమ్ముకు కొక్కేలతో సహా లెక్క ఒప్పజెప్పాలన్న నీతి అలా ఒక చిట్టాలోంచి పుట్టింది. పైపైన చదివి దాటేసే అవకాశం ఉండి ఉంటే ఈ కథ పుట్టేదే కాదు.

సంఖ్యాకాండంలోని నాసో మరింత మొండిది. 176 వచనాలతో భాగాలన్నింటిలోకీ పొడవైనది. ప్రత్యక్షగుడారం ప్రతిష్ఠకు పన్నెండు గోత్రాల ప్రధానులు పన్నెండు రోజులు కానుకలు తెస్తారు. 130 షెకెళ్ల వెండి పళ్లెం, 70 షెకెళ్ల వెండి పాత్ర, ధూపంతో నిండిన 10 షెకెళ్ల బంగారు పాత్ర, ఇన్ని కోడెలు, ఇన్ని పొట్టేళ్లు. పన్నెండుగురి కానుకలూ ఒక్కటే. అయినా తోరా ఎక్కడా కుదించదు. ఒక్కొక్కరికి ఆరు వచనాల చొప్పున, పేర్లు తప్ప మిగతాదంతా దాదాపు అవే మాటలతో పన్నెండుసార్లు, మొత్తం 72 వచనాల్లో చెబుతుంది. మొదటివాడి కానుక చెప్పి మిగతావారూ అంతేనని ఒక ముక్కలో తేల్చవచ్చు కదా? ఈ ప్రశ్నను 13వ శతాబ్దంలో జెరోనా నగరానికి చెందిన వ్యాఖ్యాత రాంబాన్ పట్టించుకున్నాడు. మిద్రాషును ఆధారం చేసుకుని అతను చెప్పిన జవాబు ఇది: కానుక ఒకటే అయినా ఒక్కొక్కరూ తమ సొంత ఆలోచనతో అక్కడికి చేరుకున్నారు. ఒకరికి ఆ పళ్లెం బరువు తమ గోత్రపు పూర్వచరిత్రను సూచించింది, మరొకరికి ఇంకేదో. పన్నెండు తలపులు ఒకే రూపంలో బయటికి వచ్చాయి, కాబట్టి పన్నెండింటికీ సమాన గౌరవం దక్కాలి. వారపఠనం చేసే పని ఏమిటో రాంబాన్ ఇక్కడ చెప్పకనే చెప్పాడు. అందరూ అదే వారం అవే మాటలు చదువుతారు. ఎవరి తలపు వారిది. తోరా మొత్తంలో అతి విసుగుపుట్టించే చోటుగా పేరుపడ్డ ఈ 72 వచనాలకన్నా గొప్ప వివరణ ఈ ఆచారానికి దొరకదు.

లేవీయకాండంలోని చర్మవ్యాధుల భాగాలు, తజ్రియా, మెత్సోరా, ఇంకో రకం కష్టం. వాపులు, మచ్చలు, తెల్లబడిన రోమాలు, యాజకుడి పరీక్షలు. యూదు గురువులైన రబ్బీలు ఈ వ్యాధిని పరనిందకు శిక్షగా చదివారు. మోషే మీద నింద మోపిన మిర్యాముకు కుష్ఠు వచ్చిన సంఖ్యాకాండ ఘట్టాన్ని ఆధారంగా తీసుకున్నారు. అందువల్ల ఆ వారం ప్రసంగాలు నాలుకను అదుపులో పెట్టుకోవడం గురించి సాగుతాయి. ఈ వ్యాఖ్యానం వైద్యంగా నిలవదు. రోగిని దోషిగా చూసే ప్రమాదం కూడా ఇందులో ఉంది, ఆ మాట దాచవలసిన పని లేదు. ఇష్టం లేని వచనంతో తలపడక తప్పనప్పుడు పాఠకులు దానిని ఎంత దూరం లాక్కుపోగలరో చూపడానికి మాత్రం ఇది బలమైన ఉదాహరణ.

వినేవారికి దక్కే సంతోషం రాగంలో ఉంది. పదాల పైనా కిందా పెట్టే రాగచిహ్నాలను గలిలయలోని తిబెరియ పండితులు పదో శతాబ్దం నాటికి స్థిరపరిచారు. ఎక్కడ విరవాలి, ఎక్కడ కలపాలి అన్నవి వీటివల్లే తెలుస్తాయి. వీటిలో షల్షెలెత్ అన్నది మెట్లు మెట్లుగా వంకర తిరిగిన గీత. దాన్ని చాలాసేపు పైకీ కిందికీ ఊపుతూ పాడాలి. తోరా మొత్తంలో అది వచ్చేది నాలుగేసార్లు. తగలబడబోయే సొదొమను విడిచిపెట్టడానికి లోతు తాత్సారం చేసినప్పుడు. అబ్రాహాము సేవకుడు బావి దగ్గర నిలబడి ఇస్సాకుకు తగిన వధువు కోసం ప్రార్థించబోయినప్పుడు. పోతీఫరు భార్యకు యోసేపు కాదని చెప్పినప్పుడు. అహరోనుకు యాజకపదవి అప్పగించే క్రతువులో మోషే పొట్టేలును వధించినప్పుడు. నాలుగు చోట్లా మనిషి లోపలి తటపటాయింపే ఈ రాగమని వ్యాఖ్యాతలు గ్రహించారు. యోసేపు విషయంలో మూలవచనం ఒప్పుకోలేదని మాత్రమే చెబుతుంది. ఆ ఒక్క మాట మీద గొంతు అంతసేపు ఊగినప్పుడు కాదనడం అతనికి ఎంత కష్టమైందో వినేవారికి తెలుస్తుంది. నాలుగోది ఇంకా లోతైనది. ఆ క్రతువు సాగిన ఏడు రోజులూ యాజకుడిగా నిలిచిన మోషే ఆ గౌరవాన్ని అన్న చేతుల్లో పెట్టి తప్పుకుంటున్నాడు. వచనంలో దిగులు గురించి ఒక్క ముక్కా లేదు. గీత మాత్రం ఉంది.

హీబ్రూ రానివారి కోసం ఇంటి భాషల్లో పుస్తకాలు వచ్చాయి. యిడ్డిష్‌లో త్సెనెరెనె అనే పుస్తకం తరతరాల స్త్రీలకు సబ్బాతు మధ్యాహ్నపు చదువైంది. 1730లో కాన్‌స్టాంటినోపుల్‌లో యాకోబ్ కూలీ స్పెయిన్ మూలాలున్న యూదుల లాదీనో భాషలో మెఆమ్ లోయెజ్ అనే వ్యాఖ్యానం మొదలుపెట్టాడు. శతాబ్దాలపాటు వేదికకు దూరంగా ఉంచిన స్త్రీలు క్రమంగా పఠనంలోకీ వచ్చారు. 1922 మార్చి 18న న్యూయార్క్‌లో జూడిత్ కాప్లాన్ అనే బాలిక సమాజం ఎదుట తోరా భాగం చదివింది. అమెరికాలో బాలికలు యుక్తవయసుకు వచ్చినప్పుడు జరిపే తోరా పఠన వేడుకకు అదే ఆరంభం. సనాతన సమాజాల్లో చాలాచోట్ల వేదిక ఇప్పటికీ పురుషులదే. పదమూడేళ్లు నిండిన పిల్లవాడికి తొలిసారి చదవడానికి తన పుట్టినరోజు దగ్గర పడిన పరాషాయే వాటాకు వస్తుంది. ఒకరికి ఎర్రసముద్రం, మరొకరికి చర్మం మీద మచ్చలు. ఏది పడినా నెలల తరబడి నేర్చుకుని, అందులోంచి నలుగురికీ చెప్పదగిన మాట ఒకటి వెతుక్కోవాలి.

శరదృతువులో సింహత్ తోరా పండుగనాడు చక్రం తిరుగుతుంది. చుట్టలన్నీ బయటికి తీసి, వాటిని ఎత్తుకుని ఏడుసార్లు ప్రదక్షిణం చేస్తూ ఆడి పాడతారు. మోషే మరణంతో ద్వితీయోపదేశకాండాన్ని ముగించి, ఆ కూటంలోనే ఇంకో చుట్ట తెరిచి సృష్టి కథ అందుకుంటారు. మాస్కోలో 1960ల్లో ఈ రాత్రి అర్ఖిపోవా వీధి సినగాగు ముందు వేలమంది యువతీయువకులు గుమిగూడేవారు. హీబ్రూ అక్షరం నేర్చుకునే వీలే లేకుండా పెరిగిన ఆ తరం వీధిలో నాట్యమాడటాన్ని రచయిత ఎలీ వీజెల్ 1966లో లోకానికి తెలియజేశాడు. భారతదేశంలో కొచ్చి యూదులకు ఇదే ఏడాదిలోకెల్లా పెద్ద వేడుకగా ఉండేది. మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశి సినగాగు ఇప్పటికీ ఉంది, కానీ సమాజంలో అత్యధికులు ఇజ్రాయెల్‌కు వెళ్లిపోయారు.

తెలుగు నేల మీద కూడా సబ్బాతు పాటించే చిన్న సమాజం ఒకటి ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలోని బెనె ఎఫ్రాయిమ్ వారు తాము ఎఫ్రాయిము గోత్రం వారమని నమ్ముతారు. 1980ల చివరినుంచి యూదు ఆచారాలు పాటిస్తూ, సొంత సినగాగు కట్టుకున్నారు. వీరి మీద యూలియా యెగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పరిశోధన గ్రంథం 2013లో వచ్చింది.

ఈ చదువును తెలుగులో అనుసరించాలనుకునేవారు ఒక సంగతి గమనించాలి. బైబిలులోని అధ్యాయాల విభజన మధ్యయుగపు క్రైస్తవ పండితులది, పరాషాల హద్దులు దానితో కలవవు. మొదటి వారపు భాగం ఆదికాండం 6వ అధ్యాయం 8వ వచనంతో ముగుస్తుంది, 9వ వచనంతో నోవహు వారం మొదలై 11వ అధ్యాయం చివరిదాకా వెళుతుంది, అబ్రాహాము ప్రయాణం 12వ అధ్యాయంతో మూడో వారంలో వస్తుంది. శనివారం లోగా మూలాన్ని రెండుసార్లు, అనువాదాన్ని ఒకసారి చదవాలన్నది తాల్ముదు కాలం నాటి నియమం. హీబ్రూ రానివారు తెలుగు పాఠాన్నే రెండుసార్లు చదివి, మూడోసారి రాషీ వ్యాఖ్యానపు ఇంగ్లీషు అనువాదం పక్కన పెట్టుకుని చదవవచ్చు.